ఇల్లు కొనే ముందు వరద, తుఫాను, భూకంపం రిస్క్‌ని కంపేర్ చెయ్యడం ఎలా? మీ ఫోన్‌తోనే చెక్ చేసే పద్ధతి ఇదీ

ఇరవై వేల ఫోన్ కొనడానికి మనం ఎంత రీసెర్చ్ చేస్తాం! ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, వాటర్ రెసిస్టెన్స్ ఐపీ68 ఉందా లేదా అని పది రివ్యూలు చూస్తాం. అదే అరవై లక్షల ఫ్లాట్ దగ్గరికొచ్చేసరికి బ్రోచర్ చూసి, మోడల్ ఫ్లాట్‌లో ఒక రౌండ్ వేసి, వాస్తు అడిగి అడ్వాన్స్ ఇచ్చేస్తాం. ఆ ఇంటి "వాటర్ రెసిస్టెన్స్" ఎంతో ఎవరూ అడగరు.

నేనూ అడిగేవాడిని కాదు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో మా బాబాయ్ వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్. తెల్లారేసరికి వీధిలో నీళ్ళు, మధ్యాహ్నానికి హాల్లో నడుం దాకా నీళ్ళు. పై ఫ్లోర్ వాళ్ళ ఇంట్లో ఐదు రోజులు ఉన్నారు. కరెంట్ లేదు, తాగే నీళ్ళు లేవు, ఫోన్లు డెడ్. అందరికంటే పెద్ద టెన్షన్ మా పిన్నిది. ఆవిడకి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ నీళ్ళల్లో తేలుతోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా నాన్న ఫోన్ చేశారు. "రిటైర్‌మెంట్ డబ్బులతో ఇల్లు తీసుకుందాం రా. విజయవాడా, వైజాగా, హైదరాబాదా? నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఏ ఊరు సేఫో చూసి చెప్పు" అన్నారు. కంప్యూటర్ చదివితే ఇది తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకు తెలియదు, కానీ కూర్చుని నేర్చుకున్నాను. అందులో పనికొచ్చినవన్నీ ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

"ఏ ఊరు సేఫ్?" అన్న ప్రశ్నే తప్పు

ముందు మూడు ఊళ్ళనీ ఫోన్ స్పెసిఫికేషన్స్ లాగా పక్కపక్కన పెట్టి చూశాను.

భూకంపం: మన దేశంలో బిల్డింగ్ డిజైన్‌కి వాడే ఐఎస్ 1893 ప్రమాణం (2016 వెర్షన్) దేశాన్ని జోన్ 2 నుంచి జోన్ 5 దాకా విడగొట్టింది. నంబర్ పెరిగే కొద్దీ రిస్క్ ఎక్కువ. హైదరాబాద్, వైజాగ్ జోన్ 2. విజయవాడ జోన్ 3. పోలిక కోసం: చెన్నై కూడా జోన్ 3, ఢిల్లీ జోన్ 4, గువాహటి జోన్ 5.

గాలి: ఐఎస్ 875 అనే ఇంకో ప్రమాణంలో ప్రతి ఊరికీ డిజైన్‌లో వాడాల్సిన బేసిక్ గాలి వేగం ఉంటుంది. వైజాగ్, విజయవాడ రెండింటికీ సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు, అంటే గంటకి దాదాపు 158. ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ దగ్గర తీరం దాటినప్పుడు గాలులు గంటకి 170-180 కిలోమీటర్ల వేగంతో వీచాయి.

ఈ రెండు వరసలు చూస్తే హైదరాబాదే విన్నర్ అనిపిస్తుంది. నాన్నకి అదే చెప్పబోయాను. మూడో వరస, అంటే వరద దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

హైదరాబాద్‌కి సముద్రం లేదు, తుఫాను నేరుగా తాకదు. కానీ 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేల మంది చనిపోయారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది ఆ దెబ్బ తర్వాతే. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. అదే వారంలో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు పారి కింది చెరువులోకి వెళ్ళాలి. ఆ దారిలో కాలనీ కడితే నీళ్ళు కాలనీలోంచే వెళ్తాయి.

విజయవాడ కేస్ ఇంకా విచిత్రం. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. అంత వరదలోనూ కృష్ణానది పక్కనే ఉన్న కృష్ణలంక రిటైనింగ్ వాల్ వల్ల చాలా వరకు బయటపడింది. నదికి కిలోమీటర్ల దూరంలో ఉన్న సింగ్ నగర్ వైపు మాత్రం రోజుల తరబడి మునిగిపోయింది. కారణం కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు వైపు వెళ్ళే వాగు ఇది. దీని వరదని కొంత వెలగలేరు దగ్గర మళ్ళించి, డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలో కలుపుతారు. కానీ కృష్ణ కూడా అప్పుడే నిండుగా ఉంటే ఆ నీళ్ళు తేలిగ్గా కలవవు, కాలువ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ రోజు కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి.

అంటే ఒకే ఊళ్ళో, ఒకే రోజు, "నది పక్కన" ఉన్నవాళ్ళు పొడిగా ఉన్నారు, "నదికి దూరం" అనుకున్నవాళ్ళు మునిగారు. ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, భూకంపం, గాలి రిస్క్‌లని ఊరి లెవెల్‌లో కంపేర్ చెయ్యొచ్చు. వరద రిస్క్ మాత్రం వీధి లెవెల్‌లో, ఒక్కోసారి ఫ్లోర్ లెవెల్‌లో మారిపోతుంది. ఊళ్ళని కాదు, ప్లాట్లని కంపేర్ చెయ్యాలి.

"వందేళ్ళకి ఒకసారి" అంటే అసలు అర్థం

సేల్స్ వాళ్ళు తరచుగా చెప్పే మాట: "అది వందేళ్ళకి ఒకసారి వచ్చే వరద సార్, వచ్చేసింది కదా, ఇక మన జీవితంలో రాదు." ఇది పూర్తిగా తప్పు. వందేళ్ళ వరద అంటే ఏ సంవత్సరమైనా అది రావడానికి 1 శాతం ఛాన్స్ ఉందని అర్థం. నిరుడు వచ్చినా సరే, ఈ ఏడు కూడా 1 శాతమే.

1 శాతమే కదా అనుకోవద్దు. మీ లోన్ 20 ఏళ్ళు అనుకుందాం. 20 ఏళ్ళలో ఒక్కసారి కూడా రాకుండా ఉండే ఛాన్స్ 0.99ని 20 సార్లు గుణిస్తే వస్తుంది: దాదాపు 0.82. అంటే కనీసం ఒక్కసారైనా వచ్చే ఛాన్స్ 18 శాతం. 30 ఏళ్ళకి 26 శాతం. ఈఎంఐలు పూర్తయ్యేలోపు నలుగురిలో ఒకరికి దెబ్బ తగిలినట్టు. బాక్సులో నాలుగు ఫోన్లలో ఒకటి డెడ్ అని తెలిస్తే మీరు ఆ మోడల్ కొంటారా?

ఫోన్‌తో ప్లాట్‌ని చెక్ చేద్దాం

1. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు చూడండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. గూగుల్ ఎర్త్‌లో హిస్టారికల్ ఇమేజరీ అనే ఆప్షన్ ఉంది. కంప్యూటర్‌లో అయితే ఇంకా సౌకర్యం. మీ ప్లాట్ మీద పెట్టి, టైమ్ స్లైడర్‌ని ఇరవై ఏళ్ళు వెనక్కి జరపండి. వేసవి ఫోటోలు కాదు, అక్టోబర్, నవంబర్ ఫోటోలు చూడండి. చెరువు శిఖం మే నెలలో ఎండిపోయిన మైదానంలాగే ఉంటుంది. వానాకాలం తర్వాత ఫోటోలోనే అసలు రంగు బయటపడుతుంది.

2. సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ తీసుకోండి. వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్‌లో 1:50,000 స్కేల్ టోపోషీట్లు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. అందులో వాగులు, చెరువులు, కాలువలు గీసి ఉంటాయి. మీ ప్లాట్ దగ్గర మ్యాప్‌లో నీలం గీత ఉండి, నేల మీద వాగు కనపడకపోతే జాగ్రత్త. వాగు ఎక్కడికీ పోలేదు, దాని మీద ఎవరో కట్టేశారు. ఊరి పేర్లు కూడా వదలకండి. కుంట, చెరువు, పల్లం, లంక అని పేరు చివర ఉంటే పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పేరులోనే ఒకప్పటి చెరువు ఉంది.

3. భువన్‌లో వరద లేయర్లు చూడండి. ఇస్రోకి చెందిన ఎన్ఆర్ఎస్సీ నడిపే మ్యాప్ సైట్ ఇది. పెద్ద వరదలప్పుడు శాటిలైట్ తీసిన ముంపు మ్యాప్‌లు విపత్తుల సెక్షన్‌లో ఉంటాయి. ఒక లిమిటేషన్ గుర్తుపెట్టుకోండి. మబ్బుల్లోంచి చూడటానికి ఎక్కువగా రాడార్ శాటిలైట్ వాడతారు. రాడార్ పొలాల్లో నీళ్ళని బాగా పట్టుకుంటుంది, కానీ బిల్డింగుల మధ్య ఇరుకు వీధుల్లో నీళ్ళని మిస్ అవుతుంది. అందుకని మ్యాప్‌లో మీ వీధి నీలంగా ఉంటే నమ్మండి. నీలంగా లేకపోతే మాత్రం "సేఫ్" అనుకోకండి.

4. ఎత్తు కొలవండి, కానీ జీపీఎస్‌తో కాదు. చాలామంది ఏదో ఒక ఆల్టిట్యూడ్ యాప్ వేసి "మా ప్లాట్ 25 మీటర్ల ఎత్తులో ఉంది" అంటారు. ఆ నంబర్‌ని నమ్మొద్దు. జీపీఎస్ ముడి ఎత్తుని సముద్ర మట్టం నుంచి కాకుండా ఎలిప్సాయిడ్ అనే ఒక లెక్కల ఆకారం నుంచి ఇస్తుంది. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా చాలా ఎక్కువ. కరెక్షన్ చెయ్యని యాప్‌తో వైజాగ్ బీచ్‌లో నిలబడితే మైనస్ 60, మైనస్ 70 అని చూపిస్తుంది, మీరు నీళ్ళల్లో మునిగినట్టు! ఆండ్రాయిడ్ 14 నుంచి సముద్ర మట్టం ఎత్తుకి వేరే సపోర్ట్ వచ్చింది కానీ, జీపీఎస్ నిలువు ఎర్రర్ ఎలాగూ కొన్ని మీటర్లు ఉంటుంది. గూగుల్ ఎర్త్ ఎత్తులో కూడా కొన్ని మీటర్ల తేడా రావొచ్చు. వరదలో ఇంట్లోకి నీళ్ళు రావడానికీ రాకపోవడానికీ తేడా ఒక్క మీటరే.

మరి ఏం చెయ్యాలి? మీ ఫోన్‌లో బారోమీటర్ ఉందేమో చూడండి. ఐఫోన్ 6 తర్వాత వచ్చిన చాలా ఐఫోన్లలో, పిక్సెల్, గెలాక్సీ ఎస్ సిరీస్ ఫోన్లలో ఉంటుంది. బడ్జెట్ ఫోన్లలో సాధారణంగా ఉండదు. ఏదైనా సెన్సార్ యాప్ వేస్తే గాలి పీడనం హెక్టోపాస్కల్స్‌లో కనపడుతుంది. ఒక మీటరు పైకి వెళ్తే పీడనం సుమారు 0.12 తగ్గుతుంది.

ప్లాట్ దగ్గర నిలబడి రీడింగ్ రాసుకోండి. నడుచుకుంటూ కాలువ గట్టు దాకా వెళ్ళి ఇంకో రీడింగ్ తీసుకోండి. మళ్ళీ ప్లాట్ దగ్గరికి వచ్చి మూడోది. ఉదాహరణకి ప్లాట్ దగ్గర 1006.20, గట్టు మీద 1005.96 వచ్చిందనుకోండి. తేడా 0.24, అంటే గట్టు మీ ప్లాట్ కంటే రెండు మీటర్లు ఎత్తు. గట్టు తెగితే నీళ్ళు ఎటు వస్తాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మూడో రీడింగ్ మొదటిదానికి దగ్గరగా రాకపోతే మధ్యలో వాతావరణం మారిందని అర్థం, మళ్ళీ తీసుకోండి. వాన, ఈదురుగాలి ఉన్న రోజు ఈ టెస్ట్ పెట్టుకోవద్దు. ఇక్కడ మనకి కావాల్సింది సముద్రం నుంచి ఎత్తు కాదు, పక్కనున్న కాలువ, మెయిన్ రోడ్, కల్వర్టు కంటే మనం ఎత్తా పల్లమా అన్నదే.

5. ఫోన్ జేబులో పెట్టి మనుషుల్ని అడగండి. టీ కొట్టు ఆయన్ని, పక్క బిల్డింగ్ వాచ్‌మన్‌ని, ఆటో అన్నని అడగండి. "ఇక్కడ నీళ్ళొస్తాయా?" అని అడిగితే చాలామంది "అబ్బే, రావు" అనేస్తారు. "పోయినసారి వానకి ఎక్కడి దాకా వచ్చాయి?" అని అడగండి. చేత్తో మోకాలో, నడుమో చూపిస్తారు. గోడల మీద తడి గీతలు, కొత్తగా వేసిన కింది భాగం పెయింట్, ఎత్తు పెంచిన గుమ్మాలు, ఇవన్నీ చూసుకోండి.

వరదకి మంచిది, భూకంపానికి చెడ్డది

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. విజయవాడలో స్టిల్ట్ పార్కింగ్ ఉన్న బిల్డింగ్ కోసం వెతికాను. కింద కార్లు, పైన ఇళ్ళు. వరదొస్తే కార్లు పోతాయేమో గానీ ఇళ్ళు పోవు. సూపర్ అనుకున్నాను.

సివిల్ చేసిన నా ఫ్రెండ్‌కి చూపిస్తే, "మరి జోన్ 3 సంగతేంటి?" అన్నాడు. కింద గోడలు లేకుండా ఒట్టి స్తంభాల మీద నిలబడ్డ ఫ్లోర్‌ని సాఫ్ట్ స్టోరీ అంటారు. పై ఫ్లోర్లు గోడలతో బిగుసుగా ఉంటాయి కాబట్టి, భూమి ఊగినప్పుడు భారమంతా కింది స్తంభాల మీద పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి.

అలాగని స్టిల్ట్ వద్దనుకోవక్కర్లేదు. దానికి తగ్గట్టు కింది స్తంభాలు డిజైన్ చేశారా అని చూడాలి. బిల్డర్‌ని స్ట్రక్చరల్ డ్రాయింగ్స్ అడగండి. ఐఎస్ 1893తో పాటు ఐఎస్ 13920 ప్రకారం స్టీల్ డీటెయిలింగ్ చేశారా అని అడగండి. కొంత ఫీజు ఇచ్చి ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి. ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ వేయించినంత మామూలు విషయం ఇది. డ్రాయింగ్స్ ఇవ్వమంటే మొహం మాడ్చుకునే బిల్డర్ దగ్గర ఆగడం అనవసరం.

అన్ని రిస్క్‌లని కలిపి ఒక స్కోర్ వెయ్యొద్దు

మా రివ్యూల్లో డిస్‌ప్లే 8, కెమెరా 7, బ్యాటరీ 9 అని వేసి యావరేజ్ తీస్తాం. ఇక్కడ అది పనికిరాదు. ప్రాణానికి రిస్క్ వేరు, డబ్బుకి రిస్క్ వేరు. రెండు కాలమ్స్ పెట్టుకోండి.

తుఫానుకి రోజుల ముందే వార్నింగ్ వస్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి టైమ్ ఉంటుంది. కిటికీలు, కరెంటు, నెట్‌వర్క్ పోతాయి. వైజాగ్‌లో సముద్రం వైపు పై ఫ్లోర్ తీసుకునేవాళ్ళు వ్యూతో పాటు కిటికీ అద్దాల క్వాలిటీ కూడా చూసుకోవాలి. కాలువ గట్టు తెగితే వార్నింగ్ టైమ్ గంటల్లోనే ఉంటుంది. భూకంపానికి సెకన్లే. ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంపం అలర్ట్‌లు 2023 సెప్టెంబర్‌లో మన దేశానికి వచ్చాయి. సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎన్‌డీఎంఏ వాళ్ళ సచేత్ యాప్ కూడా వేసుకోండి. కానీ యాప్ మిమ్మల్ని బయటికి పరిగెత్తిస్తుందేమో గానీ, ఫ్లాట్‌ని పరిగెత్తించలేదు.

ఎండని కూడా కాలమ్‌లో పెట్టండి. 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. అమ్మానాన్నల వయసు వాళ్ళకి టాప్ ఫ్లోర్, పడమటి గోడ అంటే ప్రతి వేసవీ చిన్న విపత్తే. "వరద భయం, అందుకే టాప్ ఫ్లోర్" అనుకునేవాళ్ళు ఇది మర్చిపోతారు. కరెంటు పోతే లిఫ్ట్ కూడా ఉండదు.

డబ్బు కాలమ్‌కి ఇన్సూరెన్స్ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి భారత్ గృహ రక్ష అనే స్టాండర్డ్ పాలసీ అమ్ముతున్నారు. వరద, తుఫాను, భూకంపం మూడూ అందులో కవర్ అవుతాయి. బిల్డింగ్‌కి పాలసీ తీసుకుంటే ఇంట్లో సామానుకి బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా కవర్ దానంతట అదే వస్తుంది. ఇన్సూర్ చెయ్యాల్సింది ఫ్లాట్ మార్కెట్ రేటు కాదు, మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు. బ్యాంక్ లోన్‌తో పాటు అంటగట్టే పాలసీ చాలాసార్లు మీ ప్రాణానికి, అంటే లోన్ తీర్చడానికి మాత్రమే ఉంటుంది, ఇంటికి కాదు. ఒకసారి చదివి చూసుకోండి.

చివరికి మేం ఏం చేశాం

నాన్నకి బాగా నచ్చిన ఫ్లాట్ ఒకటుంది. కొత్తది, స్విమ్మింగ్ పూల్, జిమ్, అన్నీ ఉన్నాయి. "ఇక్కడ నీళ్ళు నిలవడమే ఉండదు సార్" అని సైట్ ఆఫీసులో చెప్పారు. టైమ్ స్లైడర్‌ని వెనక్కి జరిపితే, ఒక నవంబర్ ఫోటోలో స్విమ్మింగ్ పూల్ ఉన్నచోటే నీళ్ళు మెరుస్తూ కనిపించాయి. ఫోన్ నాన్న చేతికిచ్చాను. ఆయన రెండు వేళ్ళతో జూమ్ చేసి చాలాసేపు చూశారు. "పూల్ అప్పటి నుంచే ఉందన్నమాట" అన్నారు.

విజయవాడే తీసుకున్నాం. జోన్ 3 అని తెలుసు, గాలి లెక్క తెలుసు. కానీ బాబాయ్ వాళ్ళు, నాన్న ఫ్రెండ్స్, అమ్మ డాక్టర్ అందరూ అక్కడే. కష్టమొచ్చిన రోజు తలుపు కొట్టడానికి మనుషులు ఉండటం కూడా నా లెక్కలో ఒక స్పెసిఫికేషనే. పిన్నిని ఐదు రోజులు చూసుకుంది ఏ యాప్ కూడా కాదు, పై ఫ్లోర్ వాళ్ళు.

ఫ్లాట్ పదేళ్ళ పాతది. రెండో ఫ్లోర్. మెయిన్ రోడ్ కంటే ఎత్తులో ఉంది, మూడుసార్లు బారోమీటర్‌తో కొలిచాను. కింద స్టిల్ట్, కానీ డ్రాయింగ్స్ ఉన్నాయి, ఇంజనీర్ చూసి సరే అన్నాడు. కరెంట్ మీటర్ల బోర్డు గ్రౌండ్‌లో కింద ఉంటే, అసోసియేషన్‌తో మాట్లాడి తల ఎత్తుకి మార్పించాం. పూల్ లేదు, జిమ్ లేదు. 2024లో ఆ వీధిలోకి నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయని టీ కొట్టు ఆయన్ని అడిగితే, చెయ్యి కిందికి చూపించి "చెప్పు తడిసింది బాబూ" అన్నాడు. ఆ మాట విన్నాకే అడ్వాన్స్ ఇచ్చాం.